నైరుతి గోడ

పామర్రు రోడ్డులో రొయ్యల ఫ్యాక్టరీ నడిపే తిరుపతిరావుకి కాగితాల పనంటే ఒళ్లుమంట. వరిచేలల్లోంచి చెరువుల్లోకీ, చెరువుల్లోంచి ఐసులోకీ ఎదిగొచ్చిన మనిషాయన. రొయ్యని గడ్డకట్టించే మిషన్లకి అమ్మోనియా కావాలి, అమ్మోనియా ఉన్నచోట సేఫ్టీ రిపోర్టు కావాలి, అది లేందే లైసెన్సు రాదు. ఇన్నేళ్లూ ఎవరో ఒకాయన ఫ్యాక్టరీ గడప తొక్కకుండానే, పాత రిపోర్టులో పేరు మార్చి, అట్ట వేసి పంపేవాడు. అందులో ‘గ్యాసు లీకైనచో జనమును పక్కనున్న కొండపైకి చేర్చవలెను’ అని ఉంది. పామర్రు చుట్టుపక్కల కొండ కాదు కదా, కాస్త పెద్ద మట్టిదిబ్బ కనపడితే గొప్ప. ఆ సంగతి పట్టుకున్నది ఈ ఏడాది రిపోర్టు రాయడానికి కొత్తగా వచ్చిన సింధూరి.

ఆ అమ్మాయిది పటమట. వచ్చీ రావడంతోనే, కాఫీ అయినా ముట్టకుండా కంప్రెసర్ గదిలోకి దూరింది. ప్రతి పైపూ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో దాని వెంటే నడిచి చూసింది. రొయ్యలు వలిచే ఆడవాళ్ల మధ్య కూర్చుని, సైరన్ మోగితే ఎటు పరిగెడతారని ఒక్కొక్కరినీ అడిగింది.

“పెళ్లిసంబంధం చూడ్డానికొచ్చిన మేనత్తలా ఇన్ని ఆరాలేంటి!” అని తిరుపతిరావు విసుక్కున్నాడు. విసుక్కుంటూనే ఆమె వెనకాలే తిరిగాడు. పని తెలిసినవాళ్లు పని చేస్తుంటే చూడటం ఆయనకి మహా ముచ్చట, ఈ పిల్లకి పని తెలుసు.

నైరుతి మూలకొచ్చేసరికి సింధూరి ఆగిపోయింది. చేతిలోని ప్లానులో అక్కడ తలుపుంది. ఎదురుగా గోడ ఉంది.

“ఇదెప్పుడు మూశారండీ?”

“మొదట్లో వరసగా నష్టాలొచ్చాయమ్మా. సిద్ధాంతిగారు చూసి, నైరుతిలో ద్వారం ఉంటే యజమాని ప్రాణానికే గండం అన్నారు. మూయించాక మళ్లీ వెనక్కి తిరిగి చూసుకోలేదు. ఈశాన్యం గేటుందిగా, లారీ పడుతుంది.”

సింధూరి నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయన అక్కణ్ణించి అటే పంపించేసేవాడు. వాస్తు మీద ఉపన్యాసమూ దంచలేదు. “సాయంత్రం షిఫ్టు వదిలే ముందు ఒకసారి సైరన్ మోగిద్దామండీ. తడిపిన వరిగడ్డి ఒక మోపు తెప్పించండి” అంది, అంతే.

సాయంత్రానికి దక్షిణం నుంచి పైరగాలి లేచింది. కంప్రెసర్ గది బయట గడ్డి అంటించి సైరన్ మోగించారు. ఆడవాళ్లంతా గ్లవుజులు కూడా తియ్యకుండా బయటికొచ్చి, ఉన్న ఒక్క గేటు వైపు పరిగెత్తారు. పొగా అటే పరిగెత్తింది. గేటు దగ్గర ఒకరినొకరు తోసుకున్నారు. మోకాళ్ల నొప్పుల గంగారత్నం దగ్గి దగ్గి అక్కడే కూలబడింది. ఆమెని లేపబోయిన తిరుపతిరావుకి కళ్లు మండి దారి తెలియలేదు. ఎలాగో వెనక్కి తిరిగి చూస్తే, నైరుతి మూల గాలి కడిగినట్టు తేటగా ఉంది. అక్కడ ఒక్క మనిషి లేడు. ఉండి మాత్రం ఏం చేస్తాడు, గోడాయె.

సింధూరి నీళ్ల సీసా అందించింది. “ఇది గడ్డిపొగండీ, కళ్లు కడుక్కుంటే పోతుంది. అమ్మోనియా అయితే కళ్లే పోతాయి, ఊపిరీ అందదు. ఈ గాలున్నన్నాళ్లూ మీవాళ్లు గ్యాసుతోపాటే పరిగెత్తాలి. ఆ తలుపు లేకుండా నేను సంతకం పెట్టలేను. వేరేవాళ్ల చేత రాయించుకుంటానంటే మీ ఇష్టం.”

రాసిపెట్టేవాళ్లు దొరుకుతారని ఆయనకీ తెలుసు. ఒక్క ఫోను చాలు. తలుపు తెరిస్తే తన ప్రాణం మీదికొస్తుందన్న నమ్మకం మాత్రం పిసరంత కూడా సడల్లేదు, చిక్కంతా అక్కడే ఉంది. నిజంగా భయమేసింది. ఫోను జేబులోంచి తీశాడు, మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. గంగారత్నం దగ్గు ఆగేదాకా ఆమె పక్కనే నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ జక్కయ్య గునపం పట్టుకొచ్చాడు. “లోపల్నుంచి తోస్తే బయటికి తెరుచుకోవాలి. తాళం అన్న మాటే ఉండకూడదు” అని సింధూరి దగ్గరుండి గోడ మీద సుద్దతో గీత గీయించింది. జక్కయ్య గునపం ఎత్తబోతుంటే తిరుపతిరావు చెయ్యి అడ్డుపెట్టాడు.

“మనసు మారిందాండీ?” ఆమె గొంతులో మొదటిసారి బెరుకు వినపడింది.

“లేదమ్మా. గండమంటూ ఉంటే అది నాకు రాసిపెట్టింది. మధ్యలో జక్కయ్యకెందుకు?” గునపం ఆయనే అందుకున్నాడు. “నా ఒక్కడి గండం తప్పించుకోడానికి ఇంతమందిని లోపల పెట్టి గోడ కట్టానే! అదే నిన్నట్నుంచీ మింగుడు పడట్లేదు.”

సింధూరి తన నెత్తిన ఉన్న హెల్మెట్ తీసి ఆయన తలకి పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించింది.

“ఇప్పుడు కొట్టండి బాబాయిగారూ” అంది.