లంకలో ఒక్క పనీ లేదు

"హాయిగా విశ్రాంతి తీసుకుందువుగాని పద, అందుకేగా లంకకి తీసుకెళ్తున్నా" అన్నాడు జయరావు మంచం మీద వెల్లకిలా పడుకుని. అప్పటికి సంతోషకుమారి ఆయన చొక్కాలు మడతలు పెట్టి, స్కూల్లో పరీక్షలయ్యాక మిగిలిన తెల్లకాగితాలు గోంగూర పచ్చడి సీసాకి చుట్టి, కారం డబ్బా మూత బిగించి, కిరసనాయిలు స్టవ్వుని గోనెసంచిలోకి కుక్కుతోంది. విశ్రాంతికి ఇంత సామానెందుకండీ అని అడగాలనిపించింది గానీ, అడిగితే "నీతో సరదాగా మాట్లాడ్డం కూడా తప్పే" అంటాడు.

పక్కగదిలోంచి అత్తగారు పున్నమ్మ కేకేసింది. "అమ్మాయ్, అక్కడ పిల్లాడికి నీళ్ళచారు పోసేవు! కారం తగలకపోతే వాడికి ముద్ద దిగదు!"

ఆ పిల్లాడికి ముప్పై ఎనిమిదేళ్ళు. సత్తెనపల్లి మిర్చి కొట్లో గుమాస్తా. సంతోషకుమారి ఎలిమెంటరీ స్కూలు టీచరు. "నీకేంటమ్మా, ఎండాకాలమంతా సెలవులే" అంటారు అందరూ. నిజమే, బడికి సెలవులు. ఆ బడి గంటలు కూడా వంటింట్లోనే కలిసిపోతాయని ఎవరితో చెప్పుకోవాలి?

సరే, బస్సు దిగి పడవెక్కితే కృష్ణ మధ్యలో లంక! ఎంత ఇసకో, ఎంత గాలో! ఇసకలో దొర్లుతున్న పుచ్చకాయలు, మధ్యలో తాటాకు పాక. ఆమె బాబాయి జక్రయ్య ఎండాకాలమంతా అక్కడే తోట కాపలా. సంతోషకుమారి చెప్పులైనా విప్పకుండా స్టవ్వు బయటికి తీసింది. బాబాయి లాక్కున్నాడు.

"ఎక్కడికమ్మాయ్? ఇది కాపలావాళ్ళ పొయ్యి. కాపలా ఎవరిదో వంట వాళ్ళదే. మా నాన్నప్పట్నుంచీ ఇంతే. పోయి కూర్చో."

"కూర్చో చెల్లెమ్మా" అన్నాడు పక్కతోట సిలార్, ఉల్లిపాయలు తరుగుతూ. "మా వంట తిని బతికి బట్టకట్టావంటే అదే పదివేలు."

కూర్చుంది. కూర్చుంటే చేతులేం చెయ్యాలో తెలియలేదు! లేచి ఇసకే ఊడ్వబోయింది, నవ్వొచ్చి మానేసింది. ఎవరూ పిలవడం లేదు. ఏదీ మాడిపోవడం లేదు. ఒక ఆలోచన మొదలైతే చివరిదాకా వెళ్తోంది, ఇంట్లో అయితే సగంలోనే కుక్కరు కూత పెట్టేది. పచ్చడి సీసాకి చుట్టిన కాగితాలు విప్పి, మోకాలి మీద పెట్టుకుని "ఇవాళ నేనేమీ చెయ్యలేదు" అని రాసింది. ఆ వాక్యం వంక చూస్తే ఒళ్ళు పులకరించింది. ఇంకోటి రాసింది. మర్నాడు పొద్దున్నే లేచి మళ్ళీ రాసింది. ఆ మర్నాడూ రాసింది.

లంకలో ఇంకో పద్ధతుంది. మూడు రోజులు తిన్న మగాడు చుట్టం కాదు, వంతు చెయ్యాలి. "అల్లుడూ, ఇవాళ పులుసు నీదే" అని జక్రయ్య చేపల బుట్ట చేతికిచ్చేసరికి జయరావు పెళ్ళాం వంక చూశాడు. ఆమె రాసుకుంటోంది. చేసేదేముంది, కళ్ళు నలుపుకుంటూ, దగ్గుతూ, మధ్యాహ్నానికి పులుసు దించాడు. తొమ్మిదేళ్ళుగా కారం చాల్లేదని అన్నవాడు కదా, రెండు గుప్పిళ్ళు వేశాడు! సిలార్ చెవులు ఎర్రబడ్డాయి. జక్రయ్య ముంతెడు నీళ్ళు తాగి మళ్ళీ ముంచుకున్నాడు.

"ఎలా ఉందో ఒక్కరూ చెప్పరేంటి?" అన్నాడు జయరావు ఉడుక్కుంటూ. "పొద్దుట్నుంచీ పొగలో చచ్చాను!"

సంతోషకుమారి చేతిలో ముద్ద ఆగిపోయింది. తొమ్మిదేళ్ళుగా పూటపూటా తన గొంతులో అడ్డంపడి బయటికి రాని మాట అదే. దెప్పుదామా అనుకుంది. అంతలోనే, పొగకి ఎర్రబడ్డ ఆ కళ్ళు చూసి, "చింతపండు బాగా కుదిరిందండీ. కారమే కాస్త ఎక్కువైంది" అంది. అంతే, మొహం వెలిగిపోయింది ఆయనకి! ఒక్కమాటకి మనిషి ఇంత పొంగిపోతాడా, మరి ఆ మాట నాకెందుకు చెప్పలేదు ఎవరూ, అని సాయంత్రం రాసి, అందరికీ చదివి వినిపించింది. సిలార్ తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వాడు. జయరావు కూడా నవ్వాడు, సగందాకా.

తిరుగు పడవలో ఆయన నెమ్మదిగా అన్నాడు. "బాగా రాస్తున్నావులే. కానీ ఇంటికెళ్ళాక ఇవన్నీ కుదరవు."

ఇక్కడ వదిలేస్తే మళ్ళీ దొరకదని ఆమెకి తెలుసు. "కుదుర్తాయి. పొద్దున్న లేవగానే ఒక గంట."

"మరి కాఫీ?"

"గంట తర్వాత."

మర్నాడు పొద్దున్నే వరండాలో పీట మీద కూర్చుని ఆమె రాస్తోంది. లోపల గిన్నెలు దబదబా కిందపడ్డాయి. "అయ్యో అయ్యో, పిల్లాడు వంటింట్లో దూరాడేమే! లేవ్వే!" అని పున్నమ్మ అరుస్తోంది.

"సంతోషా! పంచదార డబ్బా ఎక్కడ పెట్టావ్?"

రెండో అరలో, కందిపప్పు వెనకాల. తలెత్తకుండా చెప్పగలదు. కానీ ఆమె అప్పుడు ఒక వాక్యం మధ్యలో ఉంది.