గెడ్డ అని విన్నదాన్ని నేనే

నేను ఒక వాయిస్ రికార్డర్‌ని. వేలెడంత ఉంటాను. విన్నది మరిచిపోను, విన్నదానికి ఒక్క అక్షరం కలపను. మనుషుల మధ్య ఇది గొప్ప గుణమని మొదట్లో అనుకునేదాన్ని.

నన్ను ఏ ఊళ్లో ఎవరు బిగించారో తెలియదు. కోఠిలో ఒక కొట్టు అద్దాల వెనక ఆరు నెలలు పడి ఉన్నాక, రోడ్లకు పర్యావరణ నివేదికలు రాసిపెట్టే విఠల్‌రావు నన్ను కొన్నాడు. కొని, తన దగ్గర పనిచేసే ఓబులేసు చేతిలో పెట్టాడు. ఓబులేసుది కడప జిల్లా. అతని చొక్కా జేబే నా ఇల్లయింది.

అప్పుడు వాళ్లకు దొరికిన పని పెద్దది. మన్యం కొండల మీదుగా ఒడిశాలోకి దిగే డెబ్బై కిలోమీటర్ల రోడ్డు. అప్పు ఒక విదేశీ బ్యాంకుది. ఆ బ్యాంకు ఒక షరతు పెట్టింది. దారిలోని ప్రతి వాగునూ లెక్క రాయాలి. కొండ తవ్విన మట్టి ఏ వాగులోనూ పడకూడదు. అలాగైతేనే అప్పులో ఒక్కో వాయిదా విడుదల చేస్తుంది.

ప్రజాభిప్రాయ సేకరణ మండల కేంద్రంలో, షామియానా కింద జరిగింది. అధికారులెవరూ కొండెక్కలేదు. కొండమీది జనమే దిగి వచ్చారు. ఓబులేసు నన్ను ఆన్ చేశాడు. మొర్రిపుట్టు నుంచి వచ్చిన కిల్లో సుకిరమ్మ మైకు పట్టుకుంది.

"రోడ్డొద్దని అన్ట్లేదు బావూ. మా కోడల్ని కాన్పుకి డోలీలో మోసుకొచ్చినాం, దారిలోనే పోయింది. రోడ్డు కావాల. మట్టంటారా, జోలగెడ్డ దాటినాక బీడుంది. అక్కడ పోసుకోండి."

ఆ కొండల్లో గెడ్డ అంటే వాగు. మొర్రిపుట్టులో నలభై ఇళ్లు తాగేదీ, మళ్లు తడిపేదీ ఆ జోలగెడ్డ నీళ్లే.

హైదరాబాదు వచ్చాక ఓబులేసు నన్ను వింటూ టైపు చేశాడు. అతని ఊళ్లో వాగును వంక అంటారు. గడ్డ అంటే గట్టి నేల. చదువుకున్నవాడు కదా, సుకిరమ్మది యాస అనుకుని దిద్దాడు. గెడ్డ గడ్డయింది. ఇంగ్లిషులోకి మార్చినవాళ్లు దాన్ని మిట్ట అని రాశారు. మిట్టా, బీడూ రెండూ మట్టి పోయడానికి అనువైనవే, గ్రామస్థులు ఒప్పుకున్నారు, ఆ చుట్టుపక్కల వాగులు లేవు అని నివేదిక తేల్చింది. విఠల్‌రావు సంతకం పెట్టాడు.

మొదటి వాయిదా వచ్చింది. లారీలు కొండెక్కాయి. బీడు దాకా పోతే డీజిలు దండగ. ఎదురుగా నీళ్లు పారుతున్నా కాంట్రాక్టరు కాగితం తీసి చూసుకున్నాడట. కాగితం మిట్ట అంటోంది. వెయ్యి లారీల మట్టి అక్కడే పోయించాడు.

రెండో వాయిదాకు ముందు బ్యాంకు తరఫున తెన్మొళి అనే అధికారిణి చెన్నై నుంచి తనిఖీకి వచ్చింది. విఠల్‌రావు బల్ల మీద రెండు మ్యాపులు పక్కపక్కన పరిచింది.

"ఒడిశా మ్యాపులో ఈ వాగు సరిగ్గా సరిహద్దు గీత మీద పుట్టింది. మీ మ్యాపులో అసలు లేదు. ఈ నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయండీ?"

షామియానా కింద మాట్లాడినవాళ్ల రికార్డింగు రేపు తెమ్మని చెప్పి ఆమె వెళ్లిపోయింది.

ఓబులేసు నన్ను మళ్లీ విన్నాడు. విఠల్‌రావు గదిలోకి పరుగెత్తాడు.

"సార్, ఇది వంక సార్! గడ్డేమో అనుకుంటి. నేనే దిద్దితి."

"దిద్దింది నువ్వేగా," అన్నాడు విఠల్‌రావు. "చెరిపేది కూడా నువ్వే. మిషను చెడిపోయిందని చెబుదాం."

ఓబులేసు బొటనవేలు నా చెరిపే మీట మీదికి వచ్చింది. ఇంకాస్త నొక్కితే జోలగెడ్డ ఈ భూమ్మీద ఎప్పుడూ లేనట్టే. ఎంతసేపు అలా ఉందో తెలియదు. చివరికి లేచింది.

మర్నాడు నన్ను తెన్మొళి ముందు పెట్టి ఆన్ చేశాడు. "తప్పు నాది మేడం. ఆమె సరిగ్గానే చెప్పింది." మధ్యాహ్నానికి అతని ఉద్యోగం పోయింది.

బ్యాంకు డబ్బు ఆపేసింది. న్యాయం జరిగిందని పేపర్లు రాశాయి. డబ్బు ఆగితే లారీలు ఆగాయి. మట్టి పోసిన లారీలే మట్టి తీయాలి కదా, ఆ సంగతి ఎవరికీ తోచలేదు. కాంట్రాక్టరు సామాను సర్దుకుని దిగిపోయాడు. గెడ్డ మట్టి కిందే ఉండిపోయింది.

ఓబులేసు నన్ను జేబులో వేసుకుని మొదటిసారి కొండెక్కాడు. సుకిరమ్మకు ఆమె గొంతే వినిపించాడు. ఆమె రెండుసార్లు పెట్టించుకుని వింది.

"నేను సక్కగానే సెప్పినాను గదా బావూ!"

"చెప్పినావమ్మా. నేనే చెడగొట్నా."

"అయితే పార పట్టు."

పట్టాడు. దిగువన ఒడిశా ఊళ్లలోనూ నీళ్లు ఎండాయి. అక్కడి వాళ్లూ గునపాలతో ఎక్కి వచ్చారు. ఒకరి భాష ఒకరికి సగమే తెలుసు. పన్నెండు రోజులు తవ్వారు. పదమూడో రోజు వేలి మందాన నీరు జారింది, ఎర్రగా, బురదగా. ఓబులేసు దోసిలి పట్టబోతే సుకిరమ్మ చెయ్యి తోసేసింది.

"తేటపడనీ. అందాకా ఎవుళూ ముట్టొద్దు."

అందరూ ఆ నీటిని చూస్తూ గట్టు మీద కూర్చున్నారు. అప్పుడే కోర్టు మనిషి కాగితం పట్టుకుని వచ్చాడు. గెడ్డ పూడ్చిన కేసులో నేను సాక్ష్యమట. బ్యాటరీ తీసి, కవరులో వేసి, లక్క సీలు కొట్టాడు.

బ్యాంకు వాయిదాలు ఆగాయి, కోర్టు వాయిదాలు మొదలయ్యాయి. ఇప్పటికి తొమ్మిది. సుకిరమ్మ మాట నాలో భద్రంగానే ఉంది. ఆ నీళ్లు తేటపడ్డాయో లేదో మాత్రం, ఈ కోర్టు బీరువాలోకి వచ్చి చెప్పినవాళ్లు లేరు.