కుర్చీ ఖాళీ లేదు

కోర్టు అమీనాగారు గుమ్మంలోకి వచ్చేసరికి తాపీమేస్త్రి మొహం నిండా నురగ ఉంది. నా చేతిలో కత్తి ఉంది. గీస్తున్న చెంప పూర్తిచేసి, కత్తి తుడిచి, అప్పుడు అటు తిరిగాను.

కోర్టు తరఫున జప్తుకు వచ్చే మనిషిని చూడటం నాకదే మొదటిసారి. పెద్ద గొంతూ పెద్ద మీసమూ ఉంటాయనుకున్నాను. ఈయన సన్నగా, మెడ దాకా గుండీలన్నీ పెట్టుకుని, చెప్పులు బయట విడవాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడ్డాడు. చంకలో సంచి. వెనకాల గొళ్ళెం బాబాయి.

పట్టుకుంటే వదలడని ఈ బాబాయికి వీధిలోవాళ్ళు గొళ్ళెం అని పేరు పెట్టారు. ఎదురుపడితే మాత్రం అందరూ బాబాయిగారూ అనే పిలుస్తారు. మా ఆయన బతికుండగా సెలూనుకు ఈ కుర్చీ కొనడానికి ఈ బాబాయి దగ్గరే అప్పు తీసుకున్నాడు, ఆ కుర్చీనే తాకట్టు పెట్టి. కింద పెడలు నొక్కితే పైకి లేస్తుంది, మీట లాగితే వెనక్కి వాలుతుంది, తల ఆనించుకోవడానికి తోలు దిండు ఉంటుంది. చుట్టుపక్కల ఏ సెలూనులోనూ ఇలాంటిది లేదు. మా ఆయన పోయాక కత్తి నేను పట్టుకున్నాను. ఆడదాని చేతికి గొంతు అప్పగిస్తామా అని నవ్వినవాళ్ళే నెల తిరక్కుండా వచ్చి బల్లమీద వరసగా కూర్చున్నారు.

అప్పు ఎగ్గొడతానని నేనెప్పుడూ అనలేదు. నెలనెలా పట్టుకెళితే గొళ్ళెం బాబాయే తీసుకోలేదు. "ఈ చిల్లర నాకొద్దమ్మాయ్, మొత్తం ఒక్కసారే తెచ్చి పడెయ్" అన్నాడు. ఎందుకలా అన్నాడో వీధి వీధంతటికీ తెలుసు. ఆయన అల్లుడు ఫోన్ల షాపు పెడదామనుకుంటున్నాడు. నా సెలూను ఉన్న గది బాబాయిదే, రెండు వీధులు కలిసే మూలమీద ఉంది. కుర్చీ పోతే గిరాకీ పోతుంది, గిరాకీ పోతే అద్దె కట్టలేను, గది దానంతటదే ఆయన చేతికొస్తుంది. నిన్న ఆ అల్లుడు టేపు పట్టుకొచ్చి గోడలు కొలుచుకుని వెళ్ళాడు కూడా. నేను పనిలో ఉండగానే, "కొంచెం అటు జరగండక్కా, ఆ మూల అందడం లేదు" అంటూ!

అమీనాగారు సంచిలోంచి కాగితం తీసి చదివాడు. చదివాక మామూలు మాటల్లో మళ్ళీ చెప్పాడు.

"కత్తులూ కత్తెరలూ అద్దాలూ మీ బతుకుతెరువు తల్లీ. వాటి జోలికి నేను రాను. కుర్చీ మాత్రం తాకట్టులో ఉంది. దాన్ని జప్తు చేసి వేలానికి పెట్టమని ఆర్డరు."

"చదివింది చాలు, కానివ్వండి" అన్నాడు గొళ్ళెం బాబాయి.

అమీనాగారు ఎర్రదారం ఉండ, లక్క ముక్క బయటికి తీశాడు. కుర్చీ దాకా వచ్చి ఆగిపోయాడు.

"ఏమండీ, మీరు లేస్తే..."

"సగం గడ్డంతోనా?" అన్నాడు మేస్త్రి నురగలోంచి. "ఈ మొహంతో ఇంటికెళితే మా ఆవిడ తలుపు తియ్యదండీ."

"అబ్బే, పూర్తిగా చేయించుకునే లేవండి. మనిషి కూర్చున్న వస్తువు మీద నేను చెయ్యి వెయ్యను. ఖాళీగా ఉన్నప్పుడు చేత్తో తాకి, జప్తు చేశానని పైకి చెప్పి, దారం కట్టి, లక్క వెయ్యాలి. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ నా పద్ధతి ఇదే."

"ఇదేం పద్ధతండీ బాబూ! రెక్క పట్టుకుని లాగెయ్యక!"

"మనిషిని లాగాలంటే పోలీసులుండాలండీ. దానికి వేరే ఆర్డరు కావాలి. తెచ్చుకున్నారా?"

తెచ్చుకోలేదు. "సరే, ఒక్క గడ్డమేగా" అంటూ గొళ్ళెం బాబాయి బల్లమీద చతికిలబడ్డాడు.

బల్లకు ఆ చివర మా అత్త కూర్చుని ఉంది. ఆవిడ రోజంతా అక్కడే ఉంటుంది. వచ్చినవాళ్ళతో కబుర్లాడుతుంది, డబ్బులు తీసుకుని గల్లాపెట్టెలో వేస్తుంది. మోకాళ్ళు పనిచెయ్యవు గానీ బుర్ర మాత్రం మా అందరికంటే ముందు నడుస్తుంది.

"అమీనా బాబూ, నువ్వు సాయంత్రం దాకా ఉంటావా నాయనా?" అని అడిగింది, అన్నం పెట్టబోతున్నంత ఆప్యాయంగా.

"పొద్దు వాలేదాకానే మామ్మగారూ. దీపాలు వెలిగాక మేం ఎవరి గడపా తొక్కకూడదు. ఈ ఆర్డరు గడువు కూడా ఇవాళ్టితో సరి."

"అయ్యో! మరి ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

ఆయన గొళ్ళెం బాబాయి వైపు చూశాడు. బాబాయి ఇబ్బందిగా కదిలాడు. "అల్లుడి అలమారాలు వడ్రంగి దగ్గరే ఉండిపోయాయి. అవి రాకుండా గది ఖాళీ చేయించి ఏం లాభమని ఆగాను. అయినా నీకెందుకే ఆ లెక్కలన్నీ?"

"నాకెందుకు నాయనా, ఊరికే అడిగాను" అంటూ అత్త గోడ పట్టుకుని లేచి గుమ్మంలోకి వెళ్ళింది. వెళుతూ నా వైపు ఒక్క చూపు చూసింది. మేస్త్రి రెండో చెంప మీద నా కత్తి నెమ్మదించింది.

"ఓ మాస్టారూ! ఎక్కడికండీ ఆ పరుగు? క్రాపు చూసుకున్నారా అసలు, అడవిలా పెరిగిపోయింది, రండి!"

అవతలి వీధి లెక్కల మాస్టారికి నెత్తిమీద మచ్చుకు ఒక్క వెంట్రుక లేదు. ఆయన అయోమయంగా తల తడుముకుంటూ గుమ్మం దాకా వచ్చాడు. అమీనాగారి చేతిలో ఎర్రదారం, బల్లమీద గొళ్ళెం బాబాయి, కుర్చీలో లేవబోతూ లేవకుండా ఉన్న మేస్త్రి కనిపించారు. లెక్కల మాస్టారు కదా, కూడుకోవడం ఎంతసేపు!

"అవునమ్మా, బాగా పెరిగింది. మెడమీద పడి చికాగ్గా ఉంది" అన్నాడు.

మేస్త్రి కుడివైపు నుంచి దిగుతుంటే మాస్టారు ఎడమవైపు నుంచి ఎక్కాడు. తోలుకు గాలి కూడా తగల్లేదు. నేను గుడ్డ దులిపి మెడకు కట్టాను.

కాసేపు చూసి అమీనాగారు అడిగాడు. "ఏం చేస్తున్నారు తల్లీ?"

"క్రాపు చేస్తున్నానండీ."

"వెంట్రుకలేవీ?"

"చెవుల వెనకాల ఉన్నాయండీ నాలుగైదు. ఒక్కొక్కటే చూసి తియ్యాలి. తొందరపడితే చెవి తెగుద్ది."

ఆయన దగ్గుతూ కిటికీ వైపు తిరిగాడు. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు.

ఆ తర్వాత కబురు పెట్టాల్సిన పని లేకపోయింది. మేస్త్రి వెళ్ళి ఇటుకల బండి దగ్గర చెప్పాడు. ఇటుకల బండి వాళ్ళు వెల్డింగు షెడ్డులో చెప్పారు. ఒకరు దిగుతుంటే ఒకరు ఎక్కారు. నేను ఎవరికీ ఊరికే చెయ్యలేదు, చెయ్యమని ఎవరూ అడగలేదు. చేసిన ప్రతి గడ్డమూ ఒబ్బిడిగానే చేశాను. కాలయాపన కోసం పని చెడగొడితే రేపు మళ్ళీ ఎవరొస్తారు? భుజం లాగింది. చెయ్యి మార్చుకుని చేశాను.

కరెంటు పనిచేసే మరిదొకడున్నాడు, మా ఆయనకు వరసకు తమ్ముడు. పెళ్ళయినప్పటినుంచీ పెంచుకుంటున్న గడ్డం మొత్తం తీసెయ్యమన్నాడు.

"ఆలోచించుకో అబ్బాయ్. మీ ఆవిడ గుర్తుపట్టకపోతే?"

"అంత అదృష్టం కూడానా వదినా!"

బల్లంతా ఘొల్లుమంది. గొళ్ళెం బాబాయి మాత్రం పళ్ళు నూరుతూ, "నాటకాలు! అమీనాగారూ, ఇవన్నీ నాటకాలు కావా?" అన్నాడు.

"గడ్డాలు నిజంగానే పోతున్నాయి కదండీ" అన్నాడు ఆయన, నేలమీద కుప్ప చూపించి.

ఎండ గుమ్మం దాటి వెనక్కి జరిగింది. అప్పటికి మా వీధిలో గడ్డం మిగిలిన మగవాడు లేడు. కుర్చీలో ఉన్న వెల్డరుకు చెయ్యాల్సిందంతా అయిపోయింది. బల్లమీద గొళ్ళెం బాబాయి, గుమ్మంలో అత్త తప్ప ఎవరూ లేరు. మెడమీద పౌడరు అద్దాను. మళ్ళీ అద్దాను.

"అతనికి పౌడరు చాలు! పిండిలో పొర్లించినట్టున్నాడు, లేవమను!" అని అరిచాడు బాబాయి.

వెల్డరు నా మొహంలోకి చూశాడు. ఏం చెయ్యను? పని అయిపోయాక అయిపోలేదని చెప్పడం నాకు చేతకాదు. గుడ్డ విప్పాను. అతను ఎంత మెల్లగా దిగాలో అంత మెల్లగా దిగాడు.

అమీనాగారు దారం పట్టుకుని లేచాడు. సరిగ్గా అప్పుడే అత్త గుమ్మంలోంచి కేకేసింది. "బస్సు డ్రైవరొస్తున్నాడు! పరిగెత్తరా బాబూ, పరిగెత్తు!"

వీధి చివర బస్సు ఆపి, అందులో జనం తొంగిచూస్తుండగా, డ్రైవరు లుంగీ కాదు ప్యాంటే, అయినా లుంగీలా ఎగ్గట్టి పరిగెత్తుకొస్తున్నాడు. మొహం నిండా రెండు రోజుల గడ్డం. గొళ్ళెం బాబాయి అది చూశాడు. చూసి, వయసు మరిచిపోయి, ఒక్క గెంతుతో వెళ్ళి కుర్చీలో తనే కూర్చున్నాడు. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాడు.

"ఇప్పుడెవడు కూర్చుంటాడో రమ్మను! అమీనాగారూ, కట్టండి దారం!"

అమీనాగారు దారం కట్టలేదు.

"ఎలా కట్టమంటారండీ? మనిషి కూర్చున్నాడు కదా!"

"ఎవరు కూర్చుంది? నేనే కదా!"

"మీరూ మనిషే కదండీ."

బాబాయి కుర్చీ చేతులు వదిలేశాడు. లేవబోయాడు. ఈలోపు డ్రైవరు రొప్పుతూ వచ్చి కుర్చీ పక్కనే నిలబడ్డాడు. "లేవండి బాబాయిగారూ, లేస్తే నేను కూర్చుంటా."

బాబాయి మళ్ళీ కూలబడ్డాడు. లేస్తే డ్రైవరు కూర్చుంటాడు. లేవకపోతే దారం కట్టరు.

నేను గుడ్డ దులిపాను. మెడచుట్టూ తిప్పి ముడేశాను.

"ఇదేంటి అమ్మాయ్?"

"ఊరికే కూర్చోవడానికి నేను కుర్చీ ఇవ్వను బాబాయిగారూ. కూర్చుంటే చేయించుకోవాలి." మీట లాగాను. ఆయన వెనక్కి వాలాడు, కప్పు వైపు చూస్తూ. బ్రష్షుతో నురగ పట్టించాను.

"మీసం జాగ్రత్త!"

"మీరు కదలకపోతే ఉంటుంది."

ఆయన కదలడం మానేశాడు. నేను కుడిచెంప గీశాను. మా ఆయన దగ్గర నేర్చుకున్న పనంతా ఆ చెంపమీద పెట్టాను. శత్రువు మొహమైనా సరే, నా చేతికింద ఉన్నంతసేపూ నా పనే. గీశాక కత్తి తుడుచుకుని ఆగాను. బయట ఎదురింటి దీపం ఇంకా వెలగలేదు గానీ, వెలిగేలా ఉంది.

"అమీనాగారూ, వెళ్ళాక మీరు కోర్టులో ఏం చెప్పాలండీ?" అని అడిగాను.

"ఉన్నదున్నట్టు చెప్పాలి తల్లీ. కుర్చీ ఖాళీ లేక జప్తు జరగలేదని. ఎవరు కూర్చున్నారని జడ్జిగారు అడుగుతారు. అప్పిచ్చినాయనే అని చెప్పాలి."

కుర్చీలోంచి మూలుగు వినిపించింది. "అందరి ముందూనా?"

"అందరి ముందే అడుగుతారండీ. వాళ్ళ సంగతి నాకు తెలీదు గానీ, నేను మాత్రం నవ్వను" అన్నాడు అమీనాగారు చాలా గంభీరంగా.

"ఇంకో దారి లేదా?"

"మీరిద్దరూ రాజీకొచ్చారనుకోండి, రాజీ అని రాసేస్తాను. అప్పుడు కూర్చోవడాల ఊసే రాదు."

గొళ్ళెం బాబాయి కళ్ళు మాత్రం నా వైపు తిప్పాడు. "ఏం కావాలి నీకు?"

ఈ మాట కోసం నేను చాలా నెలలుగా ఆయన గుమ్మంలో నిలబడ్డాను. ఇప్పుడు ఆయన నా కుర్చీలో పడుకుని అడిగాడు.

"నెలనెలా ఇస్తాను, మీరు తీసుకోవాలి. నేను తెచ్చినా మీరు వద్దన్న నెలలకు వడ్డీ కట్టను. తాకట్టు ఇవాళే రద్దు చెయ్యాలి."

"తాకట్టు రద్దు చెయ్యను. చంపినా చెయ్యను" అన్నాడు. వెంటనే కత్తి వైపు చూసి, "మాటవరసకన్నాను" అన్నాడు.

గొళ్ళెం గొళ్ళెమే. ఆలోచించాను. అప్పు తీరేదాకా తాకట్టు ఉంటే ఆయనకు ధైర్యం. నేను కట్టగలనని నాకు ధైర్యం.

"సరే, అప్పు తీరేదాకా తాకట్టు ఉండనివ్వండి. నేను కడుతున్నంతకాలం జప్తు మాటెత్తకూడదు. మీ అల్లుడు టేపు పట్టుకుని నా గడపలోకి రాకూడదు."

"మొదటి నెలది ఇప్పుడే ఇవ్వగలవా?"

నేను జవాబు చెప్పకముందే, మళ్ళీ బల్లమీద చేరిన అత్త గల్లాపెట్టె ఒళ్ళో పెట్టుకుని మూత తీసింది. "ఇస్తుంది నాయనా. వీధిలో గడ్డాలన్నీ ఇందులోనే ఉన్నాయి. చెయ్యి చాపు."

గుడ్డకింద నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది.

అమీనాగారు దారం, లక్క సంచిలో పెట్టేసి, బల్లమీద కూర్చుని రాజీ రాశాడు. నేను సంతకం చేశాను. బాబాయి పడుకునే, మొహానికెదురుగా కాగితం పట్టుకుని సంతకం చేశాడు. డ్రైవరూ వెల్డరూ సాక్షులు. ఎదురింట్లో దీపం వెలిగింది. అమీనాగారు మాకందరికీ నమస్కారం పెట్టి, గడప దాటి వెళ్ళిపోయాడు. డ్రైవరు కూడా, "బస్సులో జనం నన్ను తంతారు" అంటూ పరిగెత్తాడు.

ఎడమచెంప మీద నురగ ఎండిపోయింది. మళ్ళీ పట్టించి, తీరుబడిగా గీశాను. మీసం చివర్లు కూడా సరిచేశాను. మీట లాగితే ఆయన పైకి లేచాడు. అద్దంలో రెండు చెంపలూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. కండువా సర్దుకుని గుమ్మం వైపు నడిచాడు.

"బాబాయిగారూ, గడ్డం డబ్బులు!"

ఆయన వెనక్కి తిరిగాడు. "అదేంటమ్మాయ్, అప్పులో తగ్గించుకో!"

"అప్పు లెక్క వేరు, గడ్డం లెక్క వేరండీ. అత్తకు ఇచ్చి వెళ్ళండి."

మా అత్త అప్పటికే చెయ్యి చాపి కూర్చుంది.