ఏడో దినం వంట

కొమురమ్మ మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో కూలి. వారానికి ఆరు రోజులు ఎండలో ధాన్యం ఆరబోసి, తిరగబోసి, బస్తాలకెత్తుతుంది. ఏడో రోజు ఆదివారం. ఆ రోజు పొద్దున్నే చర్చికి పోయి, వెనక రేకుల షెడ్డులో నూటయాభై మందికి వండుతుంది. తోడుగా రోజా, మరో ఇద్దరు ఆడవాళ్లు. పదకొండేళ్లుగా ఇదే వరస. ఇన్నేళ్లూ ప్రసంగాలన్నీ ఆమె గోడ అవతలి నుంచి మైకులోనే విన్నది.

ఆ ఆదివారం పాస్టరుగారు విశ్రాంతిదినం గురించి చెబుతున్నారు. దేవుడు ఏడో దినం విశ్రమించాడనీ, యజమానికే కాదు, దాసికీ ఎద్దుకూ కూడా ఆ రోజు పని ఉండొద్దన్నాడనీ చెప్పారు. కొమురమ్మ అప్పుడే ఎసట్లో బియ్యం పోసింది. గరిటె పట్టిన చెయ్యి ఆగింది.

"ఇన్నవా రోజా? ఎద్దుకు గూడ సెలవంట."

"ఇన్న గని, నువ్వు కలుపు. అడుగంటుతది."

కొమురమ్మ కలపలేదు. గ్యాస్ కట్టేసింది. కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయి, ముందు వరసలో చాప మీద కూర్చుంది.

పాస్టరుగారు ప్రసంగం ఆపారు. "ఏమ్మా, వంట అయిందా?"

"కాలేదయ్యా. ఆపొచ్చిన. నాకు గూడ విశ్రాంతిదినమే గదా."

మగవాళ్ల వైపు నుంచి ఆమె భర్త మంగయ్య లేచాడు. "ఏందే గిది? లేచి పో!"

పాస్టరుగారు చెయ్యెత్తి అతన్ని ఆపారు. "కొమురమ్మా, అది దేవుని పరిచర్య. పని కాదు."

"పరిచర్యయితే మగోళ్లెందుకు జెయ్యరయ్యా?" కొమురమ్మ కూర్చున్న చోటు నుంచే అడిగింది. "ఐగుప్తు దేశంల బానిసలకు సెలవు లేకుండె. దేవుడు ఆళ్లను ఇడిపిచ్చినంకనే గద విశ్రాంతి ఇచ్చిండు. మరి నన్ను ఇడిపిచ్చినట్టా, లేనట్టా?"

తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డ రోజా కాసేపు చూసి, వచ్చి ఆమె పక్కన కూర్చుంది. వెనకే మిగతా ఇద్దరూ వచ్చారు.

అన్నం సగం ఉడికి పాడైంది. అందరూ ఆకలితో ఇళ్లకు పోయారు. సాయంత్రం సంఘం పెద్దలు మంగయ్యను పిలిపించి, వచ్చే వారం అతని భార్య అందరి ముందూ క్షమాపణ చెప్పాలన్నారు. అతను ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాడు.

"అన్నం పాడుజేసినందుకు జెప్త," అంది కొమురమ్మ. "కూసున్నందుకు జెప్ప."

"మరి ఆదివారం ఇంట్ల ఎవరు వండుతరు?"

"శనివారమే వండిపెడ్త. సల్లదే తిను. లేకుంటే నువ్వే వండుకో."

మరుసటి ఆదివారం ఆమె లేచి నిలబడి, అన్నం గురించి మాత్రమే క్షమించమంది. పెద్దలకు అది చాలలేదు. పాస్టరుగారు మాత్రం ఆమె వైపు చూడలేక, ఇకమీదట భోజనాలు ఉండవని ప్రకటించారు. "నీ మూలంగనే బందయింది," అని కొందరు ఆడవాళ్లే గొణిగారు. కొమురమ్మ ముందు వరసలోంచి కదల్లేదు.

ప్రసంగం మొదలైన కాసేపటికి పక్క గోడకు ఆనుకుని నిద్రపోయింది. వెనక వరసలోని ముసలామె ఉప్పలమ్మ భుజం తట్టి లేపబోతే రోజా ఆ చెయ్యి పట్టుకుంది.

"లేపకత్తా. పండనియ్యి."