రెండు పైన, రెండు కింద

ఆ ఏడు కెనడాలోని వాటర్లూలో పార్ట్‌టైమ్ పని దొరకడమంటే మాటలు కాదు. కాఫీ షాపులో ఒక్క ఖాళీ ఉందని తెలిస్తే చాలు, తలుపు తీయకముందే మన పిల్లలే వంద మంది రెజ్యూమేలు పట్టుకుని మంచులో నిలబడేవారు. మూడు నెలలు అలా నిలబడి నిలబడి, చివరికి ధరణి ఒక ఇండోర్ టెన్నిస్ క్లబ్బులో రాకెట్లకు తీగలు బిగించే పనికి ట్రయల్‌గా చేరింది. అక్కడ ఫ్రంట్ డెస్కులో ఉన్న రూమ్మేట్ మృదుల చెప్పి పెట్టించింది. మూడు శనివారాలు చూస్తాం, కుదిరితే ఉంచుకుంటాం అన్నారు.

తీగలు బిగించే గదికి పెద్ద రమోన్. స్పెయిన్ దేశస్థుడు, ఊరూరా తిరిగి పదకొండేళ్లు ప్రొఫెషనల్‌గా ఆడాడట. ఇప్పుడు అరవై దగ్గరపడ్డాయి. కుడి మోచెయ్యి పూర్తిగా చాచలేడు. మాట తక్కువ. ధరణికి అది కొత్తగా అనిపించలేదు. జమ్మికుంట దగ్గర నులక మంచాలు అల్లే ఆమె నాన్న రాఘవులు పొద్దంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. ఆ మంచాల పక్కన కూర్చునే ఆమె చదువుకుంది. చదువుతోపాటు అల్లికా చేతికొచ్చింది.

మూడో శనివారం ఒక టోర్నమెంట్ రాకెట్ ఇచ్చారు. నాలుగింటికి ఆట. నిలువు తీగలు బిగించాక అడ్డ తీగలు దూర్చడం మొదలుపెట్టింది ధరణి. ఒకటి పైన, ఒకటి కింద. పక్క కోర్టులో బంతి టక్కు టక్కుమని ఒకే లెక్కన మోగుతోంది. ఆ చప్పుడుకు చెయ్యి తన పాత దారి పట్టింది. తేరుకుని చూస్తే చివరి ఐదు వరుసలూ రెండు పైన, రెండు కింద పడి ఉన్నాయి. అచ్చం నులక అల్లిక.

అప్పుడే వచ్చిన మృదుల తొంగిచూసింది.

“ఏంటే ఇదీ, మంచం అల్లావా? ఆడేవాళ్లు దీనిమీద పడుకోవాలా?”

నవ్వాక గొంతు తగ్గించింది. విప్పాలంటే తీగ పాడవుతుంది, గంటే టైముంది, ఎవరూ అంత పట్టిచూడరు, ఈ పూట గడిస్తే పని నీదేనని నచ్చజెప్పింది. ధరణి వేలితో ఆ వరుసల్ని నొక్కి చూసింది. అక్కడ పట్టు లేదు. రాకెట్ తీసుకెళ్లి రమోన్ ముందు పెట్టింది.

“తప్పు చేసిన సర్. మొత్తం కోసెయ్యాలె.”

ఇంగ్లీషులోనే చెప్పాననుకుంది గానీ, సగం తెలుగులోనే చెప్పింది. అతనికి రాకెట్ చూస్తేనే అర్థమైంది. గడియారం చూశాడు, కత్తెర అందించాడు.

కోస్తుంటే ఫ్రేము జారి ఆమె పాదం మీద పడింది. వంగి తీసి, ఏ ఆలోచనా లేకుండా రెండు కళ్లకూ అద్దుకుంది. తలెత్తేసరికి రమోన్ చూస్తున్నాడు. ఎందుకలా అని అడిగాడు. కాలు తగిలింది కదా, అన్నం పెట్టే పనిముట్టు కదా, క్షమించమని అడగడమని వచ్చిన ఇంగ్లీషులో చెప్పింది.

రమోన్ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఆమె దూరుస్తుంటే అతను తీగ సవరిస్తూ, పని మధ్యలోనే తన సంగతి కొంచెం కొంచెంగా చెప్పాడు. నూట ముప్ఫై ఒకటో ర్యాంకు దాకా వెళ్లాడు. అంతకు పైకి పోలేదు. చివరి ఏడాది వాలెన్సియా దగ్గర ఒక మ్యాచులో, గెలుపు రెండు పాయింట్ల దూరంలో ఉండగా బంతి ఫ్రేముకు తగిలి పోయింది. కోపంతో రాకెట్‌ను నేలకేసి కొట్టాడు. రాకెట్ విరిగింది, మోచెయ్యీ పోయింది.

“ఆ పొద్దున ఒక ముసలాయన షెడ్డులో కూర్చుని దానికి తీగలు బిగించాడు. ఆరేళ్లు నా రాకెట్లన్నీ ఆయనే చూశాడు. నేనొక్కసారీ పేరడగలేదు.”

నాలుగుకు పది నిమిషాలుండగా చివరి ముడి పడింది. రమోన్ అరచేత్తో తట్టి చెవి పెట్టాడు. తల ఊపాడు. ప్రతి రాకెట్‌కూ కట్టే కాగితం చీటీ తీసి, ఎప్పుడూ క్లబ్బు పేరే ఉండే చోటు చూపించి, పెన్ను ఆమెకిచ్చాడు.

“నీ పేరు రాయి. ఆడేవాళ్లకు తెలియాలి. మంగళవారం కూడా రా.”

ధరణి రాసింది. చీటీ రాకెట్‌కు కట్టింది. ఆటకొచ్చిన పొడుగాటి అమ్మాయి చీటీ చదివి, ధరణి ఎవరని అడిగి, చూసి, థాంక్స్ చెప్పి పరుగెత్తింది.

రమోన్ కిటికీ అద్దంలోంచి కోర్టు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ అమ్మాయి మొదటి బంతి కొట్టేదాకా కదల్లేదు. చప్పుడు గట్టిగా, శుభ్రంగా వచ్చింది.

“థాంక్స్, ధరణీ,” అన్నాడు ఇటు తిరక్కుండానే.