చక్రము విడిచిన సర్వారాయుడు

ఫాల్గుణ మాసాంత మధ్యాహ్నమున, ప్రచండ మార్తాండ కిరణ సంతప్తమై, యుద్ధానంతరము విమానములచే విడువబడి గడ్డి మొలచిన యా సాగరతీర విమానభూమి, దగ్ధతైల ధూమ ధూసరితమును శకటఘోష బధిరితమునునై, తొలియేటి జాతీయ స్పోర్ట్సు కార్ల పందెములలో కడపటిదానిని సాగనంపుచుండెను. చూడవచ్చిన జనులు సైతము గొడుగుల క్రింద డస్సి, ఎవరు ముందో యెవరు వెనుకో యడుగుట మానిరి.

అందరికంటె డస్సినవాడు సర్వారాయుడు. ఏబదేండ్లు దాటిన యా గోదావరీతీర భూస్వామి, దేశమున కొక పందెపు బిరుదము పుట్టకపోవునా, అది తన పేరిట చెక్కబడకపోవునా యని యౌవనమునుండి కనిపెట్టుకొని యుండగా, అది పుట్టునాటికి తాను ముదిసెను. కారొక్కటికి ఇద్దరు చోదకులు. అతని జోడు భార్య తమ్ముడైన గోవర్ధనుడు. ఏడాది పొడుగున వచ్చిన గెలుపులు కారు పేరిటివైనను, బిరుదము మాత్రము కడపటి పందెమున స్టీరింగు చక్రము పట్టి మొదట జెండా దాటినవానిదే యని పెద్దలు నిర్ణయించిరి. తొలియేటి నిబంధన గావున అందలి యన్యాయ మెవ్వరికిని తోపలేదు. అందుచేత రాయుడు మరదికి చక్రమీయక, ఉదయమునుండి తానే నడుపుచుండెను. గోవర్ధనుడు శిరస్త్రాణము ధరించి యెండలో నిలిచి, ఒక్కమాటయైన నడుగలేదు. అడిగిన బాగుండెడిది, అడుగనివానిపై కోపము తెచ్చుకొనుట యెట్లు?

అందరికంటె ముందుండగా, ఒక మలుపుకడ రాయుని కన్నులు రెప్పపాటు మూతపడినవి. తెఱచునప్పటికి కారు దారి తప్పి, అంచున పేర్చిన గడ్డిమోపులను చెదరగొట్టుచుండెను. ఆ మోపుల వెనుకనున్నవారు గొడుగులు పారవైచి పరుగిడిరి. ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. కారు మరల దారికెక్కెను. మిగిలినవి రెండు చుట్లే, అంతలో నేమగునని మనసు బుజ్జగించెను. కాని పారిపోవువారిలో నొక స్త్రీ చంకబిడ్డను రెండుచేతుల కప్పుకొన్న తీరు కన్నులముందునుండి తొలగలేదు. తన్ను మాలిన ధర్మము మొదలు చెడ్డ బేర మందురు. ఆ బేరమునకే యొడబడి, అతడు కారును మరది ముందర నిలిపెను.

“కన్నులు నిలువకున్నవి. నీవు పొమ్ము.”

“రెండు చుట్లే కదా, బావగారూ. బిరుదము మీది.”

“అక్కడ జనులున్నారు, గోవర్ధనా.”

గోవర్ధనుడు అందరికంటె ముందుగా జెండా దాటెను. మైకున అతని పేరు మ్రోగెను. రాయుడు టైర్ల గుట్టపై కూలబడి వినెను. దుఃఖము వచ్చునేమో యని చూచెను, అలసటయే వచ్చెను. కొంతసేపటికి మరది బహుమానపు వెండిగిన్నెతో వచ్చి, అది మీదేయని చాచగా, అందుకొనుటకు రాయుని చేతులు తెఱచుకొనలేదు. ఉదయమునుండి బిగిసిన వ్రేళ్లు, లేని చక్రము చుట్టును ముడుచుకొనియే యుండెను.

“ఇంకను విడువలేదా, బావగారూ?”

“నేను విడిచితిని. అవి విడువలేదు.”

గోవర్ధనుడు గిన్నెను నేలనుంచి, మోకరిల్లి, ఆ వ్రేళ్ల నొక్కొక్కటిగా నిమిరి తెఱవసాగెను. కోరిక విడుచుటకు మనసునకు క్షణము చాలును. దేహమునకు మాత్రము పొద్దు గ్రుంకువరకు పట్టును.