కోసిన మడిలో మంద

ఖాళీ స్థలమట. సోమవారం పొద్దున, పుంగనూరులో మా ఆటోస్టాండుకు ఎదురుగా ఉన్న పార్కు వెనక మూలలో జేసీబీ దిగి మడుల గట్లు చదును చేస్తుంటే, కాంట్రాక్టరు జయచంద్ర సెల్‌ఫోను పైకెత్తి చుట్టూ ఉన్నవాళ్లకు ఒక ఫోటో చూపించాడు. ఫోటోలో మడులున్నాయి. మడుల్లో ఒక్క ఆకు లేదు. నిన్న సాయంత్రం తీసిందే, ఎవరూ ఏమీ వేయలేదు, ఇంకేం సాక్ష్యం కావాలని అడిగాడు.

సిద్ధమ్మ జేసీబీకి అడ్డంగా నిలబడి ఉంది. జయచంద్ర కనుసైగ చేస్తే వాచ్‌మన్ ఆమె రెక్క పట్టుకుని ఈడ్చి గట్టు అవతల పడేశాడు. మోచేయి దోక్కుపోయి రక్తం వచ్చింది. ఆమె లేచి మళ్లీ అడ్డం పోయింది. వాడు మళ్లీ ఈడ్చాడు. ఆ సమయంలో పార్కు నిండా మనుషులే. బూట్లు తొడుక్కుని, చేతులూపుకుంటూ, గుండె పదిలంగా ఉండాలని చుట్లు తిరిగే పెద్దమనుషులు. అరవై దాటిన మనిషిని నేల మీద ఈడుస్తుంటే వాళ్లు చేసిందల్లా ఆ మూల దాకా రాకుండా సగంలోనే వెనక్కి తిరగడం. వాళ్ల గుండెలకేమీ కాలేదు.

నేను ఆటో తోలుకునేవాణ్ణి, స్టాండు యూనియన్‌లో జెండా మోసేవాణ్ణి. ఈ కథ మర్యాదగా చెప్పమని నన్ను అడగొద్దు. కూలీనాలీ చేసేవాళ్లూ, కాలేజీ పిల్లలూ వింటారని చెబుతున్నాను. పెద్దమనుషులు వినకపోయినా నష్టం లేదు.

ఆ మూల రెండేళ్ల కిందట ఎలా ఉండేదో ఊరందరికీ తెలుసు. కల్యాణ మండపాల ఎంగిలాకులు, సీసా పెంకులు, చచ్చిన కుక్కలు. పార్కు వెనక కాలనీ ఆడవాళ్లు టమోటా మండీల్లో కాయ ఏరే కూలీలు. మండీలో పని లేని రోజుల్లో వాళ్లే ఆ కుప్పంతా ఎత్తిపోశారు. మొదట గంప పట్టింది సిద్ధమ్మ. సోమల దగ్గర ఆమెకు సొంత చేను ఉండేది. బోర్లు ఎండిపోయి, చేను చేయిజారి, టౌనుకొచ్చి కూలీ అయింది. ఆమె తమ్ముడు మారప్ప ఇప్పటికీ అక్కడే జీవాలు మేపుకుంటాడు. ఈ నేలలో ఏమీ మొలవడం లేదురా అని అక్క చెబితే, అతను తన గొర్రెల మందను తోలుకొచ్చి కొన్ని రాత్రులు ఆ మూలలో నిలిపాడు. మా మెట్ట ఊళ్లలో కోత అయిన ప్రతి చేలోనూ చేసే పనే ఇది. మంద కట్టడం అంటారు. రాత్రంతా గొర్రెలు పడుకున్న చోట పెంటికలూ ఉచ్చా కలిసి నేల మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. ఆ ఏడు వానలకు చిర్రాకు, మెంతాకు, వంగ, బెండ మోకాలెత్తు లేచాయి. కాలనీలో సంగటిలోకి కూర అక్కడి నుంచే వచ్చేది. ఒకసారి నేల పోగొట్టుకున్న సిద్ధమ్మ ఆ మడుల మధ్య కూర్చున్నప్పుడు, ఆమెను కూలీ మనిషి అని ఎవరూ అనుకోరు.

పచ్చగా కనబడగానే ప్రకృతి నేస్తాల సంఘం దిగింది. చెత్తకుప్పగా ఉన్నప్పుడు పాపం ఆ ప్రకృతికి నేస్తాలు దొరకలేదు. సంఘానికి అధ్యక్షుడు ఈ జయచంద్రే. రోడ్లు వేస్తాడు, కాలవలు కడతాడు, రెండూ మొదటి వానకే పోతాయి. మిగిలిన తీరికలో ప్రకృతిని ప్రేమిస్తాడు. కార్యదర్శి శ్వేత అని ఒకామె. ఫోను అడ్డం పెట్టుకోకుండా ఒక్క మొక్కనైనా చూసిన మనిషి కాదు. మడుల ముందర 'కమ్యూనిటీ గార్డెన్' అని బోర్డు లేచింది. బోర్డు మీద వంకాయ బొమ్మ చిన్నది, జయచంద్ర బొమ్మ పెద్దది. ఆడవాళ్లకు ఆకుపచ్చ చీరలు పంచి, మీరు ఇప్పటినుంచి అర్బన్ ఫార్మర్స్ అని చెప్పారు. అంటే ఏమిటని వాళ్లలో మునిరత్నమ్మ అనే ఆమె నన్ను అడిగింది. టౌనులో సేద్యం చేసేవాళ్లని చెబితే, అది మేము ముందే చేస్తున్నాం కదా అని నవ్వింది.

జేసీబీ దిగడానికి ముందురోజు, ఆదివారం, నేలతల్లి పండుగ అని పెట్టారు. షామియానా, మైకు, చిరుధాన్యాల బిస్కెట్లు. ఒక పొట్టి పుంగనూరు ఆవును పట్టుగుడ్డ కప్పి తీసుకొచ్చారు. పొలం గట్టు తొక్కని ఆడా మగా వరసలో నిలబడి దాని మూతి పట్టుకుని ఫోటోలు దిగారు. ఆవు పేడ వేస్తే దాన్ని కూడా ఫోటో తీశారు. మట్టి ఆరోగ్యం మీద ఒకాయన గంటసేపు మాట్లాడాడు. ఆయన చెప్పుకు మట్టి అంటితే పక్కవాడు టిష్యూ కాగితం అందించాడు.

మా వాళ్ల తప్పు అక్కడే జరిగింది. చేనికొచ్చిన మనిషిని వట్టి చేతుల్తో పంపకూడదనేది మా పల్లెల్లో మర్యాద. శత్రువైనా ఒక కట్ట ఆకు చేతిలో పెట్టి పంపుతారు. ఇంతమంది వచ్చారే, ఒకరికిచ్చి ఇంకొకరికి లేదంటే బాగుండదని, సిద్ధమ్మా మునిరత్నమ్మా తక్కినవాళ్లూ మడులన్నీ పెరికారు. లేత వంకాయలు సైతం కోశారు. వచ్చినవాళ్లు సంచులు చాపారు, సంచులు చాలకపోతే కార్ల డిక్కీలు తెరిచారు. ఆర్గానిక్ అని మురిసిపోయారు. సాయంత్రానికి అక్కడ వట్టి మన్ను మిగిలింది. దాన్నే జయచంద్ర ఫోటో తీసుకున్నాడు.

మా వాళ్లిచ్చిన ఆకు వండుకుని తిని, మరుసటిరోజు పొద్దున్నే మా వాళ్ల నేలలో ఆకు లేదని చెప్పడానికి ఎంత సిగ్గులేనితనం కావాలో నేను లెక్కగట్టలేను. ఆ మూలలో జయచంద్ర పార్టీ లాన్ పెడుతున్నాడని జేసీబీ వచ్చిన రోజే తెలిసింది. పుట్టినరోజులు, నిశ్చితార్థాలు, లోపలికి పోవడానికి టికెట్టు. కాలనీవైపు ఇనుప కంచె. బెంగళూరు నుంచి చాపల్లాగా చుట్టిన గడ్డి లారీలో రానే వచ్చింది. రెండేళ్లుగా ఒక్క కొళాయి వేయండని అడిగితే నీళ్లు లేవన్న చోట, ఆ గడ్డికి పొద్దూ మాపూ పైపులు పెట్టి తడిపారు.

కాలనీ నీళ్ల ట్యాంకు కింద మీటింగు పెట్టాం. రిటైరైన అటెండరు కృష్ణప్ప అర్జీ రాద్దామన్నాడు. రాశాడు, ఇచ్చాం కూడా. మున్సిపల్ ఆఫీసరు టీ తాగుతూ చదివి, ఫోటోలో ఖాళీగానే ఉంది కదా అన్నాడు. రెండోసారి కూర్చున్నాం. మారప్ప కూతురు భవ్య డిగ్రీ చదువుతూ మేనత్త సిద్ధమ్మ దగ్గరే ఉంటుంది. కాలేజీ పిల్లలతో ధర్నా పెట్టిస్తానని ఆమె, ముందు యూనియన్లన్నీ కలవాలని నేను, గొంతులు చించుకున్నాం. ఈలోగా జయచంద్ర తెలివిగా ఒక పని చేశాడు. లాన్ ఊడ్చడానికి నలుగురు ఆడవాళ్లకు పని ఇస్తానని కబురు పెట్టాడు. మునిరత్నమ్మ లేచి, నేను పోతున్నానని చెప్పేసింది. అందరూ ఆమె మీద విరుచుకుపడ్డారు.

"మనమే పెరికి ఇచ్చినాం గదా. వాళ్లు దొంగతనంగా ఎత్తుకోని పోలా. ఇప్పుడు ఎవుర్ని అడిగేది?" అంది మునిరత్నమ్మ. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మొగుడు మంచం మీద ఉన్నాడు, మండీలో పని లేదు.

"మనం ఇచ్చింది ఆకు మునిరత్నా. నేల ఇయ్యలా" అంది సిద్ధమ్మ.

మునిరత్నమ్మ వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఆకుపచ్చ కోటు తొడుక్కుని ఆ లాన్ మీద రాలిన ఆకులు ఏరుతూ కనబడింది. ఆమెతోపాటు ఇంకో ముగ్గురు. కాలనీలో వాళ్లతో మాటలు ఆగిపోయాయి. జయచంద్రకు కావలసింది అదే.

అక్క మోచేయి సంగతి ఆలస్యంగా తెలిసి మారప్ప వచ్చాడు. వచ్చేసరికి మేము మూడోసారి కూర్చుని అరుచుకుంటున్నాం. తువ్వాలు పరుచుకుని ఒక పక్కన కూర్చుని అందరి మాటలూ విన్నాడు. చివరికి అక్కను అడిగాడు.

"కోత అయిపోయిందా?"

"అయిపోయిందిరా."

"అయితే ఇంక మంద కట్టేదే గదక్కా. దీనికి ఇంత మీటింగు యాల?"

భవ్య పకపకా నవ్వింది, ఆ నవ్వు అందరికీ పాకింది. ఫోటో చూపించి ఖాళీ అన్నది వాళ్లే. కోసిన నేలలో మంద దిగడం కొత్త సంగతా? కృష్ణప్ప మాత్రం భయపడ్డాడు. కేసు పెడతారు, జీవాలను పట్టుకుపోయి బందెలదొడ్లో పెడతారు, మారప్పకు అవే ఆధారం అన్నాడు. అది నిజమే. మారప్ప ఆ మాటకు తల ఊపి, మా అక్క చేను పోయినప్పుడు నేను చూస్తూ ఊరుకున్నాను, ఈసారి ఊరుకోలేనని చెప్పి లేచాడు. తన ఊరి చిన్నప్పతోనూ, మంద ఉన్న ఇంకొందరితోనూ మాట్లాడతానని వెళ్లాడు.

లాన్ ప్రారంభానికి ముందురోజు, పొద్దు వాలుతుండగా మందలు సోమల రోడ్డు మీదుగా ఊళ్లోకి వచ్చాయి. మేము ఆటోలను రోడ్డుకు రెండు పక్కలా నిలిపి దారి చేశాం. కార్లవాళ్లు హారన్లు మోగించి మోగించి ఊరుకున్నారు. ముందు మారప్ప, వెనక దుమ్ము, దుమ్ములో గొర్రెలు, గొర్రెలకు అటూ ఇటూ మండీ కూలీలు, కాలేజీ పిల్లలు. డప్పు ఎవరు తెచ్చారో తెలియదు. నేల మాది, పంట మాది, మంద మాది అని పిల్లలు అరుస్తుంటే, బస్సుకోసం నిలబడిన వాళ్లు కూడా ఆ మాట అందుకున్నారు. పూలతోరణాల వ్యాను లోపలికి పోతూ ఉండడంతో గేటు బార్లా తెరిచే ఉంది. వాచ్‌మన్ కర్ర ఎత్తాడు. ఇంతమందిని చూసి ఆ కర్రను గోడకు ఆనించి నిలబడ్డాడు. గొర్రెలకు బెంగళూరు గడ్డి బాగా నచ్చింది.

తెల్లారేసరికి లాన్ లేదు. తడి మన్ను, దాని మీద నల్లగా పెంటికలు. పెద్దమనుషులు ప్రారంభానికి కార్లు దిగి ముక్కులు మూసుకున్నారు. కండువాలతో, చేతిరుమాళ్లతో, ఒకామె ఏకంగా బొకేతో. న్యూసెన్స్, హైజీన్, సివిక్ సెన్స్ అని వాళ్లకు వచ్చిన మాటలన్నీ వరసగా అన్నారు. ఆవు పేడను ఫోటో తీసినవాళ్లే గొర్రె పెంటికకు పోలీసులను పిలిచారు. పట్టుగుడ్డ కప్పిన ఆ పొట్టి ఆవును ఈసారి కూడా తెచ్చారు. అది తాడు లాక్కుని పోయి గొర్రెల మధ్య మిగిలిన గడ్డి మేసింది. ఆ గుంపులో బుద్ధి ఉన్న ప్రాణి అదొక్కటే.

పోలీసు వ్యాను వచ్చింది. సిద్ధమ్మనూ, మారప్పనూ, భవ్యనూ, నన్నూ, ముందు వరసలో దొరికినవాళ్లనూ ఎక్కించారు. మందలను పార్కు బయటికి తోలమని చిన్నప్పను బెదిరించారు. వ్యాను కదులుతుంటే వెనక కిటికీలోంచి మాకు చివరగా కనబడింది మునిరత్నమ్మ. జయచంద్ర ఆమె ముందు చీపుర్లూ గంపలూ విసిరేసి, పెంటికలన్నీ ఊడ్చి ఎత్తిపోయమని, కొత్త గడ్డి మధ్యాహ్నానికి వస్తోందని కేకలు వేస్తున్నాడు. ఆమె తల వంచుకుని చీపురు అందుకుంది. సిద్ధమ్మ అది చూసి ముఖం తిప్పుకుంది. ఆ పెంటికలు ఎత్తిపోస్తే మేము చేసిందంతా వృథా అని ఆమెకు తెలుసు. నాకూ ఏడుపు వచ్చింది.

స్టేషన్‌లో ఎస్సై ఒక కాగితం పెట్టాడు. ఇకమీదట ఆ పార్కులో కాలు పెట్టబోమని ఒప్పుకుంటూ సంతకం చేస్తే కేసు లేకుండా ఇళ్లకు పోవచ్చట. పెద్దదానివి, నీకు ఈ గొడవలు ఎందుకమ్మా అని మెత్తగానే మాట్లాడాడు.

"ఆ నేల ఖాళీగా ఉండాదని వాళ్లే అన్నారు గద సార్. ఖాళీ నేలలో జీవాలు పండుకుంటే కేసు యాల?" అని అడిగింది సిద్ధమ్మ.

ఆయన జవాబు చెప్పేలోగా టేబుల్ మీద ఫోను మోగింది. జయచంద్ర గొంతు. ఎంత గట్టిగా అరుస్తున్నాడంటే ఫోను ఎస్సై చెవి దగ్గరున్నా మాటలన్నీ మాకు వినబడ్డాయి. ఊడ్చమంటే ఊడ్చలేదట. మునిరత్నమ్మ కోటు విప్పి ఆ కమ్యూనిటీ గార్డెన్ బోర్డుకు తగిలించి, ఇంటికి పోయి పార తెచ్చుకుందట. మిగిలిన ముగ్గురూ అంతే. పెంటికలను మన్నులో కలిపి తవ్వేస్తున్నారట. కాలనీలో ఉన్న ఆడవాళ్లంతా కంచె పెరికి పారలతో, గునపాలతో లోపలికొచ్చారట. విత్తనాలు కూడా చల్లేశారు, అతిథులు చూస్తూనే ఉన్నారు, మీరేం చేస్తున్నారు సార్ అని గొంతు పోయేలా అరుస్తున్నాడు.

ఎస్సై ఫోను పెట్టేసి వ్యాను తీయమన్నాడు. తలుపు దగ్గర కానిస్టేబులు కదల్లేదు. "ఒక బండి సాలదు సార్, కాలనీ అంతా ఆడనే ఉండాది" అని నసిగాడు.

సిద్ధమ్మ ఆ కాగితాన్ని అలాగే టేబుల్ మీద వదిలేసింది. మేమంతా నేల మీద కూర్చుని ఉన్నాం. మా వైపు వచ్చి చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది. అవి ఏ నీళ్లో మాకు తెలుసు.

"జరగండప్పా. మనోళ్లు వస్తాండారు, జాగా గావాల" అంది.

మేము గోడ వైపు జరిగి కూర్చున్నాం.